ఎర్రని వెలుగు, పలచబడే జుట్టు

ఎర్ర దీపాలు పొదిగిన టోపీని వారానికి మూడు రోజులు తలకు పెట్టుకుంటే పలచబడిన జుట్టు మళ్ళీ ఒత్తుగా వస్తుందా? పత్రికల్లో, ఫోన్లలో ఆ టోపీల ప్రకటనలు చూసినవారికి సహజంగానే వచ్చే సందేహం ఇది. వెలుతురు తగిలితే వెంట్రుక పెరగడమేమిటని కొట్టిపారేసేవారూ ఉన్నారు, ఇక మందులతో పనే లేదని సంబరపడేవారూ ఉన్నారు. ఈ చికిత్స వెనక అరవై ఏళ్ళకు దగ్గరైన చరిత్ర ఉంది. ఎలుకల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షలు జరిగాయి. వాటిని బట్టి చూస్తే ఎర్రకాంతి కొందరికి, కొంతమేరకు, వాడినంతకాలమే పనిచేస్తుంది. అలా ఎందుకో తెలియాలంటే ముందు వెంట్రుక పుట్టే చోటును చూడాలి.

కుదురులో జరిగేది

కంటికి కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే గట్టి ప్రోటీనుతో తయారైన పోగు. జీవమంతా మాడు చర్మం కింద, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురులో ఉంటుంది. శరీరంలో చాలా వేగంగా విభజన చెందే కణాల్లో కుదురు అడుగున ఉండేవి కొన్ని. కేన్సరుకు కీమోథెరపీ తీసుకునేవారి జుట్టు ఊడిపోవడానికి కారణం ఇదే. వేగంగా విభజన చెందే కణాల మీద దాడిచేసే ఆ మందులు కుదుళ్ళనూ వదలవు. గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేకపోవడానికీ కారణం కుదురు లోతే. తిరుమలలో తలనీలాలు సమర్పించినా ఇంటి దగ్గర గుండు చేయించుకున్నా కత్తి చర్మం పైనే ఆగిపోతుంది. కింద కుదురు ఎప్పటిలాగే నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున వెంట్రుకను పైకి నెడుతుంది. కోసిన కొన మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగలడం వల్ల ఒత్తుగా మొలిచినట్టు అనిపిస్తుంది, అంతే.

తలమీద సుమారు లక్ష కుదుళ్ళుంటాయి. అన్నీ ఒకేసారి పనిచేయవు, ఒకేసారి ఆగవు. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్ళపాటు వెంట్రుకను పెంచుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుని, మూడు నెలల దాకా విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతి ముగిసేసరికి పాత వెంట్రుక రాలిపోయి, అదే కుదురులో కొత్తది మొదలవుతుంది. ఏ రోజు చూసినా తలమీద 85 నుంచి 90 శాతం వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి. మిగిలిన వాటిలో రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజమే.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో ఈ క్రమమే మెల్లగా మారిపోతుంది. పెరిగే దశ ఒక్కో ఆవృత్తానికి కొంత చొప్పున కుంచించుకుపోతుంది. ఐదేళ్ళు పెరిగిన వెంట్రుక తర్వాత మూడేళ్ళే పెరుగుతుంది, ఆపై ఏడాదికే ఆగిపోతుంది. కుదురు చిన్నదవుతుంది, వెంట్రుక సన్నబడుతుంది, రంగు తగ్గుతుంది. చివరికి చేతుల మీద కనిపించే నూగులాంటిదే మిగులుతుంది. పురుషులకు నుదుటి మూలలు, నడినెత్తి ముందుగా ఖాళీ అవుతాయి. స్త్రీలకు ముందువరస జుట్టు చాలావరకు నిలిచే ఉంటుంది కానీ పాపిడి ఏటికేడాది వెడల్పవుతుంది. గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. తొలిదశల్లో కుదురు చచ్చిపోదు, చిన్నదవుతుంది. ఎర్రకాంతి చికిత్స ఆశలన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

కుదురు చిన్నదవడానికి ప్రధాన కారణం డీహెచ్‌టీ అనే హార్మోను. టెస్టోస్టిరాన్ నుంచి ఒక ఎంజైము సాయంతో ఇది తయారవుతుంది. యౌవనానికి ముందే వృషణాలు కోల్పోయిన పురుషులకు బట్టతల రాదని అమెరికా శరీరనిర్మాణ శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లో చూపించాడు. అలాంటివారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవారికి అది మొదలైంది. ఆ తర్వాత కరీబియన్ ద్వీపదేశమైన డొమినికన్ రిపబ్లిక్‌లో, పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించిన కుటుంబాలను జులియానా ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం అధ్యయనం చేసి 1974లో వివరాలు ప్రచురించింది. ఆ పురుషుల నుదుటి జుట్టు వెనక్కి తగ్గలేదు. అదే ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్ మాత్రను బట్టతలకు వాడటానికి అమెరికాలో 1997లో ఆమోదం వచ్చింది. ఎర్రకాంతి ఈ హార్మోను జోలికి పోదు. సమస్య మూలాన్ని అలాగే ఉంచి, బలహీనపడిన కుదురుకు ఊతమివ్వడమే అది చేసే పని.

ఎలుకల వీపు మీద మొలిచిన ఆధారం

వెలుతురుతో వైద్యం చేయాలన్న ఆలోచన పాతదే. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మానికి వచ్చే ఒక రకం క్షయను కేంద్రీకరించిన కాంతికిరణాలతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కానీ జుట్టుకూ ఎర్రకాంతికీ ఉన్న సంబంధం బయటపడటానికి లేజర్ పుట్టేదాకా ఆగవలసి వచ్చింది.

1960లో కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ మొదటి లేజరును వెలిగించాడు. కృత్రిమంగా తయారుచేసిన కెంపు కడ్డీ నుంచి వెలువడిన ఆ కాంతి ముదురు ఎరుపు, తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు. మామూలు దీపంలో అన్ని రంగులూ కలిసి, అన్ని దిక్కులకూ చెదిరే వెలుగు ఉంటుంది. లేజరులో ఒకే రంగు, ఒకే దిక్కు. ఇంత బిగువైన కాంతి జీవకణాలకు హాని చేస్తుందేమో, కేన్సర్ తెస్తుందేమో అన్న భయం అప్పట్లో ఉండేది.

ఆ భయం ఎంతవరకు నిజమో తేల్చడానికి హంగేరీ శస్త్రవైద్యుడు ఎండ్రె మెస్టర్ 1967లో పూనుకున్నాడు. బుడాపెస్టులో, ఇప్పుడు సెమ్మెల్వైస్ పేరుతో ఉన్న వైద్య విశ్వవిద్యాలయంలో ఆయన పనిచేసేవాడు. ఎలుకల వీపు మీద బొచ్చు గీయించి, వాటిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రం బలహీనమైన కెంపు లేజర్ కాంతి తగిలించాడు. ఏ ఎలుకకూ కేన్సర్ రాలేదు. ఎదురుచూడనిది మరొకటి జరిగింది. కాంతి సోకిన ఎలుకల వీపున బొచ్చు మిగతావాటికంటే త్వరగా మొలిచింది.

మెస్టర్ ఆ గమనికను వదిలేయలేదు. అదే బలహీన కాంతిని మానని పుండ్ల మీద ప్రయోగించి, కొన్ని మానడం మొదలుపెట్టాయని చూపించాడు. ఫోటోబయోమాడ్యులేషన్ అని ఈనాడు పిలుస్తున్న వైద్యశాఖకు ఆరంభం అక్కడే. 1990లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, వ్యోమనౌకల్లో మొక్కలు పెంచడానికి ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు తయారుచేయించింది. అవే దీపాలను విస్కాన్సిన్ వైద్యకళాశాల పరిశోధకులు గాయాల మీద పరీక్షించడంతో ఈ శాఖకు మళ్ళీ ఊపు వచ్చింది.

అవాంఛిత రోమాలు తీసే లేజర్ క్లినిక్కుల నుంచి కూడా ఒక సాక్ష్యం వచ్చింది. ఆ పనికి వాడే కాంతి చాలా శక్తిమంతమైనది, కుదుళ్ళను కాల్చేస్తుంది. 2000 తర్వాత వైద్యులు ఒక విచిత్రాన్ని నమోదు చేయసాగారు. కొందరికి చికిత్స చేసిన చోటనో దాని అంచుల్లోనో వెంట్రుకలు తగ్గకపోగా పెరిగాయి. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో, అండాశయ సమస్య పీసీఓఎస్ ఉన్న స్త్రీల ముఖం మీద ఇది ఎక్కువగా కనిపించింది. కుదురును చంపడానికి చాలనంత తక్కువ కాంతి అక్కడ పడి ఉంటుందని, అది కుదురును నిద్రలేపి ఉంటుందని ఒక వివరణ. రోమాలు తీయించుకుందామని వెళ్ళిన ఆ స్త్రీలకు అది ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. మెస్టర్ ఎలుకల్లో చూసినది మనుషుల్లోనూ సాధ్యమేనన్న సూచన మాత్రం దానివల్ల బలపడింది.

ఎర్ర రంగే ఎందుకు

చీకటి గదిలో టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగిస్తే చేతి అవతలివైపు ఎర్రగా మెరుస్తుంది. నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్, చర్మంలోని మెలనిన్ దాదాపు పైపొరల్లోనే మింగేస్తాయి. ఎర్రకాంతికి ఆ అడ్డంకి తక్కువ, అందుకే అది కొన్ని మిల్లీమీటర్ల లోతుకు వెళుతుంది. కుదురు ఉన్నది ఆ లోతులోనే. జుట్టు కోసం తయారైన పరికరాల్లో ఎక్కువ భాగం 650 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న ఎరుపును వాడటానికి ఒక కారణం ఇది. ఈ కాంతిలో అతినీలలోహిత కిరణాలు ఉండవు, చర్మం కమలదు. చర్మాన్ని కాల్చేటంత వేడి కూడా పుట్టదు. ఫిజియోథెరపీలో నొప్పులకు వాడే పరారుణ దీపం వేడితో పనిచేస్తుంది, ఇది అలాంటిది కాదు.

కుదురు దాకా చేరిన కాంతి అక్కడ ఏంచేస్తుంది? ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణ మైటోకాండ్రియా చుట్టూ తిరుగుతుంది. కణాలకు కావలసిన శక్తిని తయారుచేసే సూక్ష్మభాగాలవి. వాటిలో శక్తి తయారీ గొలుసు చివర, ఇనుము, రాగి పరమాణువులున్న సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆక్సిజన్‌ను వాడుకునేది ఇదే. ఇబ్బందుల్లో ఉన్న కణంలో నైట్రిక్ ఆక్సైడ్ ఈ ఎంజైముకు అతుక్కుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఎర్రకాంతి తగిలినప్పుడు ఆ నైట్రిక్ ఆక్సైడ్ ఊడిపోయి ఎంజైము మళ్ళీ పనిలో పడుతుందని, శక్తి ఉత్పత్తి పెరుగుతుందని భావిస్తున్నారు. విడిపోయిన నైట్రిక్ ఆక్సైడ్ చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రష్యా పరిశోధకురాలు టీనా కారు దశాబ్దాలపాటు చేసిన కృషితో ఈ వివరణ బలపడింది. అయితే 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఆ ఎంజైము అసలే లేని కణాలు కూడా 660 నానోమీటర్ల కాంతికి స్పందించి వేగంగా పెరిగాయి. అంటే కాంతిని అందుకునే ద్వారాలు కణంలో ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి.

పల్లెల్లో బోరు మోటారు నడిపే రైతుకు ఈ వ్యవహారం తేలిగ్గా అర్థమవుతుంది. బోరులో నీళ్ళున్నా కరెంటు వోల్టేజి తక్కువైతే మోటారు మూలుగుతుంది, నీరు సన్నని ధారగా వస్తుంది. వోల్టేజి సరిచేస్తే ధార లావవుతుంది. చిన్నబడినా బతికే ఉన్న కుదురు స్థితి అలాంటిది. దానికి శక్తి సమకూరితే సన్నని వెంట్రుక కొంత లావవుతుంది, పెరిగే దశ కొంత పొడుగవుతుంది. పూర్తిగా ఎండిపోయిన బోరుకు ఎంత మంచి కరెంటు ఇచ్చినా చుక్క నీరు రాదు. ఏళ్ళ తరబడి నున్నగా మెరుస్తున్న బట్టతల మీద ఎర్రకాంతి ఫలించకపోవడం అందుకే. వోల్టేజి హద్దు మీరితే మోటారు కాలిపోతుంది కూడా. కాంతికీ అదే వర్తిస్తుంది. చాలినంత లేకపోతే ఫలితం ఉండదు, మితం దాటితే వచ్చిన మేలు తగ్గిపోయి కణాల పని మందగిస్తుంది. కణాల మీద జరిగిన ప్రయోగాల్లో ఇది పదేపదే కనిపించింది. కాబట్టి పది నిమిషాలతో మేలు జరిగితే గంటతో ఇంకెంత మేలో అనుకోవడం సరికాదు.

దువ్వెనలూ టోపీలూ

తొలి పరికరం దువ్వెన రూపంలో వచ్చింది. చేతితో పట్టుకుని మాడు మీద నెమ్మదిగా జరుపుకునే ఆ లేజర్ దువ్వెనకు అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో పురుషుల కోసం, 2011లో స్త్రీల కోసం అమ్మకానికి అనుమతిచ్చింది. దానికి పళ్ళు పెట్టింది అలంకారానికి కాదు. వెంట్రుకలు కూడా కాంతిని మింగుతాయి కాబట్టి, వాటిని పాయలుగా విడదీసి కిరణం చర్మానికి తగిలేలా చేయడానికి. తర్వాత చేతులకు శ్రమలేని పట్టీలు, హెల్మెట్లు, మామూలు టోపీ లోపల అమర్చుకునే అస్తరులు వచ్చాయి. కొన్నిటిలో లేజర్లే ఉంటాయి, కొన్నిటిలో ఎల్‌ఈడీలు కలుస్తాయి, చవకరకాల్లో ఎల్‌ఈడీలు మాత్రమే. లేజర్ కిరణానికున్న బిగువు చర్మంలో చెదిరి కుదురు చేరేసరికి చాలావరకు పోతుందని, కాబట్టి తగిన రంగు, తగిన మోతాదు ఉంటే ఎల్‌ఈడీ కూడా చాలునని వాదించేవారున్నారు. జుట్టు మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువ భాగం లేజర్లున్న పరికరాలతోనే జరిగాయి.

ఎఫ్‌డీఏ అనుమతి అన్న మాటను ప్రకటనలు పెద్ద అక్షరాల్లో వేస్తాయి. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. కొత్త మందుకు ఆమోదం రావాలంటే అది సురక్షితమని, పనిచేస్తుందని తయారీదారు పెద్ద పరీక్షలతో రుజువు చేయాలి. ఈ పరికరాలు దాటేది అంతకంటే తేలికైన దారి. మార్కెట్లో ఇప్పటికే ఉన్న పరికరంతో ఇది భద్రతలోనూ పనిలోనూ సమానమేనని చూపిస్తే చాలు.

పరీక్షల్లో తేలింది

జుట్టు విషయంలో కంటిచూపును నమ్మడానికి వీల్లేదు. వెలుతురు కోణం మారితే, తలస్నానం చేస్తే, కాస్త పొడవు పెరిగితే అదే జుట్టు వేరేగా కనిపిస్తుంది. అందుకే పరిశోధకులు మాడు మీద చిన్న చోటు ఎంచుకుని, అక్కడ జుట్టు పొట్టిగా కత్తిరించి, పచ్చబొట్టుతో చుక్క గుర్తు పెడతారు. పెద్దది చేసి తీసిన ఫొటోలో ఒక్కో వెంట్రుకా లెక్కిస్తారు. నెలల తర్వాత అదే చుక్క దగ్గర మళ్ళీ లెక్క. సగంమందికి నిజమైన పరికరం, సగంమందికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి పరికరం ఇస్తారు. తనకు ఏది దక్కిందో వాడేవారికి తెలియదు, లెక్కపెట్టేవారికీ తెలియదు.

దువ్వెన మీద ఇలా జరిగిన పరీక్షల ఫలితాలు 2014లో వెలువడ్డాయి. 128 మంది పురుషులు, 141 మంది స్త్రీలు వారానికి మూడుసార్లు చొప్పున 26 వారాలు వాడారు. స్త్రీలలో చదరపు సెంటీమీటరుకు సుమారు 20 లావు వెంట్రుకలు పెరిగాయి, ఉత్తుత్తి దువ్వెన వాడినవారిలో సుమారు 3. పురుషుల్లో పరికరం రకాన్ని బట్టి 18 నుంచి 26 దాకా పెరిగితే, ఉత్తుత్తిదానితో 2 నుంచి 9 దాకా పెరిగాయి. వెలుగే లేని దువ్వెనతోనూ తొమ్మిది పెరగడం ఆలోచించవలసిన సంగతి. జుట్టు రాలడం, మొలవడం కాలంతోపాటు మారుతుంటాయి, లెక్కల్లో హెచ్చుతగ్గులూ ఉంటాయి. పోల్చిచూడటానికి మరో గుంపు లేకుండా ముందూ తర్వాతా తీసిన ఫొటోలు మాత్రమే చూపించే ప్రకటనలకు విలువ ఇవ్వకూడదనడానికి ఈ ఒక్క అంకె చాలు.

హెల్మెట్ మీద 2013లో వచ్చిన మరో పరీక్షలో 44 మంది పురుషులు రోజు విడిచి రోజు, 25 నిమిషాల చొప్పున 16 వారాలు వాడారు. నిజమైన హెల్మెట్ వాడినవారి వెంట్రుకల లెక్క మిగతావారికంటే 39 శాతం ఎక్కువగా పెరిగింది. మరుసటి ఏడు స్త్రీల మీద చేసిన అలాంటి పరీక్షలో 37 శాతం వచ్చింది. ఈ పరీక్షల్లో ఉత్తుత్తి హెల్మెట్‌లో అమర్చినవి మామూలు ఎర్ర బల్బులు. అంటే వెలుగు ఎర్రగా ఉన్నంత మాత్రాన సరిపోదు. తగిన తరంగదైర్ఘ్యంలో, తగినంత శక్తితో ఉండాలి. పడకగదిలో వెలిగే ఎర్రని జీరో బల్బు కింద తల పెట్టి కూర్చుంటే జుట్టు పెరగదు.

ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? ఒత్తయిన మాడు మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 150 నుంచి 200 వెంట్రుకలుంటాయి. అందులో 20 అంటే పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అద్దంలో చూసుకున్నవారికి రాలడం తగ్గినట్టు, పాపిడి కొంచెం సన్నబడినట్టు తెలుస్తుంది. బట్టతల మాత్రం నిండదు. శాతాలు పెద్దవిగా కనిపించడానికి కారణం, అవి మిగిలి ఉన్న కొద్దిపాటి జుట్టుమీద కట్టిన లెక్కలు కావడమే. పరీక్షల్లో చాలావాటికి డబ్బు పెట్టింది పరికరాల కంపెనీలే. అంతమాత్రాన ఫలితాలు అబద్ధమని అనడం అన్యాయం, వేర్వేరు దేశాల్లో వేర్వేరు పరికరాలతో వచ్చిన ఫలితాలు ఒకే దిశలో ఉన్నాయి. అయితే అవి నాలుగు నుంచి ఆరు నెలల పరీక్షలు. బట్టతల ఇరవై ముప్పై ఏళ్ళు సాగే వ్యవహారం. ఆ రెంటి మధ్య దూరం చిన్నది కాదు.

పోల్చి చూడటానికి మినాక్సిడిల్ ఉంది. అధిక రక్తపోటుకు మాత్రగా తయారైన మందు అది. వాడినవారి ఒంటిమీద వెంట్రుకలు దట్టంగా మొలవడం చూసి, తలకు రాసే ద్రావణంగా మార్చారు. అమెరికాలో 1988లో ఆమోదం వచ్చింది. ఎర్రకాంతి కేన్సర్ భయంతో చేసిన ప్రయోగంలో దొరికింది, ఫినాస్టరైడ్ ఒక అరుదైన జన్యులోపం నుంచి స్ఫూర్తి పొందింది, మినాక్సిడిల్ గుండెజబ్బుల మందుల అర నుంచి వచ్చింది. బట్టతలకు వాడే ఈ మూడు దారులూ మరొకదాని కోసం వెతుకుతున్నప్పుడు కంటపడినవే. వీటిలో మందులకున్నంత సుదీర్ఘమైన అనుభవం కాంతికి లేదు. అందుకే చర్మవైద్యులు చాలామంది కాంతిని ఒంటరిగా కాక, మినాక్సిడిల్‌కు తోడుగా వాడమంటారు. మందు పడనివారికి అదొక ప్రత్యామ్నాయం.

చామనఛాయ చర్మం సంగతి

తెలుగువారికి నేరుగా సంబంధించిన ఒక లోటు ఈ పరీక్షల్లో ఉంది. అమెరికాలోని హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చర్మాన్ని ఎండకు అది స్పందించే తీరును బట్టి విభజించే పద్ధతి ప్రవేశపెట్టాడు. అది తర్వాత ఆరు తరగతులకు విస్తరించింది. మొదటి తరగతి పాలిపోయిన తెలుపు, ఆరోది గాఢమైన నలుపు. జుట్టు పరికరాలకు ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతుల్లో చాలావరకు ఒకటి నుంచి నాలుగో తరగతి చర్మానికే పరిమితం, ఎందుకంటే పరీక్షల్లో పాల్గొన్నవారు ఆ తరగతులవారే. ఆంధ్ర, తెలంగాణ ప్రజల్లో నాలుగు, ఐదు తరగతుల చర్మం సర్వసాధారణం, ఆరోదీ తక్కువేమీ కాదు.

మెలనిన్ ఎక్కువగా ఉన్న చర్మం ఎర్రకాంతిలోనూ కొంత భాగాన్ని పైపొరలోనే ఆపేస్తుంది. అందువల్ల కుదురుకు చేరే మోతాదు తగ్గవచ్చు, పైపొర కాస్త ఎక్కువ వెచ్చబడవచ్చు. ఈ పరికరాల శక్తి తక్కువ కాబట్టి కాలిన గాయాల ప్రమాదం పెద్దగా లేదు. కానీ తెల్లచర్మం మీద తేల్చిన నిమిషాల లెక్క నల్లచర్మానికీ సరిగ్గా సరిపోతుందని అనుకోవడానికి ఆధారం చాలదు. ఇంత జనాభా ఉన్న దేశంలో, మన చర్మం మీద, మన జుట్టు మీద స్వతంత్రంగా పెద్ద పరీక్షలు జరగవలసిన అవసరం ఎంతైనా ఉంది.

టోపీ కొనేముందు

జుట్టు రాలడమంతా ఒకే జబ్బు కాదు. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరాల తర్వాత, కాన్పు తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత, మరీ కఠినమైన ఉపవాసాలు చేసి బరువు తగ్గిన తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పిళ్ళతో ఊడుతుంది. శరీరానికి తగిలిన దెబ్బవల్ల ఎన్నో కుదుళ్ళు ఒకేసారి విశ్రాంతికి పోవడమే దీనికి కారణం. కంగారు పుట్టించినా, చాలామందిలో ఆరు నెలలకు అటూ ఇటూగా రాలడం దానంతట అదే ఆగి జుట్టు తిరిగి వస్తుంది. ఆ సమయంలోనే టోపీ కొన్నవారికి, ఎలాగూ వచ్చే జుట్టు టోపీ పుణ్యమే అనిపిస్తుంది. ఈ చికిత్స గురించి చెప్పుకునే అనుభవాల్లో ఇలాంటివి కలిసిపోయే అవకాశం ఎక్కువ.

ఇనుము లోపం, థైరాయిడ్ తేడాలు కూడా జుట్టును పలచబరుస్తాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. జుట్టు ఊడుతోందని బాధపడే తెలుగు స్త్రీకి ముందుగా కావలసింది రక్తపరీక్ష. రక్తహీనత ఉన్నప్పుడు ఇనుము మాత్రలకు అయ్యే ఖర్చు టోపీ ధరలో ఏ మూలకూ రాదు, ఒంటికి జరిగే మేలు జుట్టుతో ఆగదు. నాణెమంత మేర గుండ్రంగా ఊడిపోయే పేనుకొరుకుడు రోగనిరోధక శక్తి సొంత కుదుళ్ళ మీదే దాడిచేయడంవల్ల వచ్చేది, దాని చికిత్స వేరు. జడ బిగించి వేయడంవల్ల నుదుటి అంచున ఊడేదానికి జడ వదులు చేయాలి. మాడు మీద మచ్చ కట్టి కుదుళ్ళు నశించే జబ్బులకు వెంటనే చర్మవైద్యుల దగ్గరకు వెళ్ళాలి, ఆలస్యం చేసిన ప్రతి నెలా పోయిన జుట్టు ఇక రాదు.

ఇవేవీ కాక, వంశపారంపర్యంగా పలచబడటం తొలి, నడిమి దశల్లో ఉన్నవారికి ఎర్రకాంతి అక్కరకొస్తుంది. పరికరాన్ని బట్టి పది నుంచి ముప్పై నిమిషాలు, వారానికి మూడుసార్లు లేదా రోజు విడిచి రోజు వాడతారు. మాడు శుభ్రంగా ఉండాలి. పలచదనాన్ని కప్పడానికి చల్లుకునే నల్లపొడులు కాంతిని అడ్డుకుంటాయి. మిగిలిన జుట్టు ఒత్తుగా ఉన్నచోట పాయలు విడదీయాలి. మొదటి నెలల్లో కొందరికి రాలడం పెరిగినట్టు కనిపిస్తుంది, పాత వెంట్రుకలను తోసి కొత్తవి మొదలవడం దానికి కారణమని వైద్యులు చెబుతారు. దురద, మాడు పొడిబారడం, కొద్దిపాటి తలనొప్పి కొందరిలో కనిపించాయి. పరీక్షల్లో తీవ్రమైన హాని కనబడలేదు. లేజర్ కాంతిని నేరుగా కంటితో చూడకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. మాడు మీద కేన్సర్ గానీ అనుమానించదగ్గ కంతి గానీ ఉన్నవారు, వెలుగు పడని ల్యూపస్ లాంటి జబ్బులున్నవారు, చర్మాన్ని కాంతికి సున్నితం చేసే మందులు వాడుతున్నవారు వైద్యులను అడగకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణుల మీద పరీక్షలు జరగలేదు.

ఫలితం తేలడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, వెంట్రుక పెరిగే వేగమే అంత. మొదలుపెట్టిన రోజున ఒకే చోట నిలబడి, ఒకే వెలుతురులో, అంతే దూరం నుంచి నడినెత్తి, పాపిడి ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆరు నెలల తర్వాత పోల్చుకోవడం తేలిక. అప్పటికీ తేడా లేకపోతే ఇంకా వాడటంలో అర్థం లేదు. తేడా ఉంటే వాడకం కొనసాగించాలి, ఎందుకంటే డీహెచ్‌టీ తన పని ఆపదు. ఆపేసిన కొన్ని నెలలకు లావైన వెంట్రుకలు మళ్ళీ సన్నబడి, వాడకపోయి ఉంటే ఎక్కడికి చేరేవో అక్కడికి చేరతాయి. మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ ఆపినా జరిగేది ఇదే. కాబట్టి టోపీ ధరతోపాటు ఏళ్ళ తరబడి వారానికి మూడుసార్లు వెచ్చించవలసిన సమయాన్నీ లెక్కవేసుకునే దీన్ని మొదలుపెట్టాలి.